పెద్ద డిస్కులు వేస్తే కారు తొందరగా ఆగుతుందా?

తిరుమల నుంచి కిందికి దిగుతున్నాం. కారులో ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ప్రసాదాల సంచులు. సగం దారి దిగేసరికి ఏదో కాలుతున్న వాసన వచ్చింది. క్లచ్ ప్లేటు కాలినప్పుడు వచ్చే వాసన లాంటిదే, ఇంకాస్త ఘాటుగా ఉంది. "అడవిలో ఎవరో చెత్త తగలబెడుతున్నట్టున్నారు" అంది మా అత్తయ్య. తర్వాతి మలుపు దగ్గర బ్రేక్ వేస్తే పెడల్ ఎప్పటిలా కాలికి గట్టిగా తగల్లేదు. దిండు మీద కాలు పెట్టినట్టు మెత్తగా లోపలికి దిగిపోయింది. కారు ఆగింది గానీ, నేను అనుకున్న చోటు దాటాకే ఆగింది. గబగబా రెండుసార్లు తొక్కితే పెడల్ మళ్ళీ కొంచెం పైకి వచ్చింది. రోడ్డు వెడల్పుగా ఉన్న చోట కారు పక్కకు తీసి, పిల్లల్ని దింపి, అరగంటకు పైగా అక్కడే కూర్చున్నాం.

ఇంటికి వచ్చాక వారం రోజులు బుర్రలో ఒకటే ఆలోచన. బ్రేకులు మార్పించాలి. ముందు పెద్ద డిస్కులు వేయించాలి, వెనక డ్రమ్ములు తీసేసి అక్కడ కూడా డిస్కులు పెట్టించాలి. డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప పలక, బ్రేక్ వేస్తే ప్యాడ్లు దాన్ని రెండు వైపులా నొక్కి పట్టుకుంటాయి. డ్రమ్ము అంటే చక్రంతో తిరిగే గిన్నె లాంటిది, లోపలి నుంచి షూలు దాన్ని ఒత్తి ఆపుతాయి. విజయవాడ ఆటోనగర్‌లో మా కారు చూసే మెకానిక్ దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆయన బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, టార్చి వేసి చూశాడు. "డిస్కుల సంగతి తర్వాత సార్, ఈ ఆయిల్ ఎప్పుడు మార్పించారు?" అన్నాడు. నాకు గుర్తు లేదు. కారు కొని ఐదేళ్ళు. తగ్గినప్పుడు పోశారేమో గానీ, పాతదంతా తీసి కొత్తది నింపినట్టు సర్వీసు బిల్లుల్లో ఎక్కడా లేదు.

ఆ ఒక్క ప్రశ్నతో నా ఆలోచన దారి మారింది. బ్రేకులు బాగు చేయించాలనుకునే చాలామంది నాలాగే తప్పు చోట మొదలుపెడతారని తర్వాత తెలిసింది. "బ్రేకులు సరిగ్గా పడటం లేదు" అనే ఒక్క మాట కింద నిజానికి మూడు వేర్వేరు సమస్యలు ఉంటాయి. ఒకటి, గట్టిగా బ్రేక్ కొట్టినా కారు చాలా దూరం వెళ్ళి ఆగడం. రెండు, కారు ఆగుతుంది గానీ పెడల్ మెత్తగా, లోతుగా ఉండి నమ్మకం కలిగించకపోవడం. మూడు, మొదటి నాలుగైదు సార్లు బాగానే పడి, వేడెక్కాక పట్టు తగ్గిపోవడం. ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. జ్వరానికి, విరిగిన కాలికి ఒకే మాత్ర వేసుకోం కదా.

కారును ఆపేది టైరు

మొదటి సమస్య నుంచి చూద్దాం. బ్రేకులు చేసేది చక్రాన్ని ఆపడం వరకే. కారును ఆపేది టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టు. ఒక్కో టైరు రోడ్డును తాకే చోటు మన అరచేయంత ఉంటుంది. నాలుగు అరచేతులంత రబ్బరే కారు మొత్తాన్ని నిలబెట్టాలి.

మీ కారులో ఏబీఎస్, అంటే గట్టిగా తొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు ఉంటే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, 50 కిలోమీటర్ల వేగంలో బ్రేక్‌ను పూర్తి బలంతో తొక్కండి. పెడల్ కాలి కింద కటకటమని కొట్టుకుంటే ఏబీఎస్ పనిచేస్తున్నట్టు. అంటే మీ బ్రేకులకు చక్రాన్ని పట్టేసేంత బలం ఇప్పటికే ఉంది. టైరు జారిపోతుంటే, అది పూర్తిగా ఆగిపోకుండా ఏబీఎస్ బ్రేక్‌ను కొంచెం కొంచెం వదులుతోంది. ఇలాంటి కారుకు పెద్ద డిస్కులు వేసినా, ఒక్కసారి కొట్టే బ్రేక్‌లో ఆగే దూరం తగ్గదు. ఉన్న బలాన్నే రోడ్డు తీసుకోలేకపోతోంది, ఇంకా బలం ఇచ్చి ఏం లాభం?

లెక్క కూడా అదే చెబుతుంది. పొడి తారు రోడ్డు మీద మంచి టైర్లతో, 100 కిలోమీటర్ల వేగం నుంచి కారు ఆగడానికి దాదాపు 50 మీటర్లు పడుతుంది. వానలో అదే రోడ్డు మీద పట్టు తగ్గి 75, 80 మీటర్లు కావచ్చు. దీనికి ముందు, ప్రమాదం కంటబడి కాలు బ్రేక్ మీదికి వెళ్ళేలోగా ఒక్క సెకను గడిచినా కారు 28 మీటర్లు పోతుంది. ఇందులో ఎక్కడా డిస్కు సైజు లేదు. వేగం ఉంది, టైరు ఉంది, రోడ్డు ఉంది, మన అప్రమత్తత ఉంది. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలవుతుంది. 50లో 12 మీటర్ల చోటులో ఆగే కారు, 100లో 50 మీటర్లు అడగడానికి కారణం ఇదే.

కాబట్టి ఆగే దూరం గురించి బాధ ఉంటే డబ్బు ముందు టైర్ల మీద పెట్టండి. మన చట్టం ప్రకారం కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ వానాకాలంలో అంత అరిగిన టైరు నీళ్ళను పక్కకు నెట్టలేదు. నన్నడిగితే 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికే మార్చేయాలి. టైరు గోడ మీద ఒక గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. గాడి బాగానే ఉన్నా ఏళ్ళు గడిచిన టైరు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. ఎండలో నిలబెట్టే కార్లకు ఇంకా తొందరగా. గాలి సరిగ్గా లేకపోతే పైన చెప్పిన అరచేతులంత రబ్బరు కూడా పూర్తిగా పనిచేయదు.

కొండ దిగితే ఎంత వేడి?

నా సమస్య మూడోది. వేడి. బ్రేక్ అనేది పరుగును వేడిగా మార్చే యంత్రం, ఇంకేమీ కాదు. కారు పరుగులో ఉన్న శక్తి అంతా ప్యాడ్లకీ డిస్కులకీ మధ్య రాపిడిలో వేడిగా మారి, డిస్కు ఇనుములో చేరి, నెమ్మదిగా గాలిలో కలిసిపోతుంది.

మనుషులతో, సామానుతో కలిపి 1,400 కిలోలున్న కారు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే వచ్చే వేడి, ఒకటిన్నర లీటరు పైచిలుకు నీళ్ళను మరిగే దాకా తీసుకెళ్ళడానికి సరిపోతుంది. ఈ వేడిలో ఎక్కువ వాటా ముందు చక్రాలదే, ఎందుకంటే బ్రేక్ వేయగానే కారు బరువు ముందుకు ఒరుగుతుంది. చిన్న కారు ముందు డిస్కులు ఒక్కోటి నాలుగైదు కిలోలు ఉంటాయనుకుంటే, ఆ ఒక్క బ్రేక్‌కే వాటి వేడి సుమారు 100 డిగ్రీలు పెరుగుతుంది. మామూలు రోడ్డు మీద అది పెద్ద విషయం కాదు, తర్వాత నాలుగు నిమిషాలు నడిస్తే గాలికి చల్లారిపోతుంది.

కొండ దారిలో లెక్క మారుతుంది. తిరుమలకీ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. అదే 1,400 కిలోల కారు ఆ ఎత్తు నుంచి దిగితే విడుదలయ్యే శక్తి, 100 నుంచి దాదాపు 18 సార్లు పూర్తిగా ఆగినంత. నీళ్ళ లెక్కలో చెప్పాలంటే 30 లీటర్లు, అంటే రెండు బిందెల నీళ్ళు మరగడానికి సరిపోయేంత వేడి. ఇందులో కొంత గాలి రాపిడికి, టైర్ల రాపిడికి పోతుంది. మిగిలింది ఇంజిన్ మోయాలి, లేదా బ్రేకులు మోయాలి. నేను ఆ రోజు మూడో గేరులో, చాలాసేపు నాలుగో గేరులో దిగాను. ఇంజిన్‌కు పనే ఇవ్వలేదు. మొత్తం బ్రేకుల మీదే పెట్టాను.

1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే వాడుతున్నారు. దాని మీద 36 మెలికలు ఉన్నాయి. దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదని టీటీడీ నియమం కూడా ఉంది. అది వేగాన్ని అదుపులో పెట్టడానికి పెట్టింది. కానీ బ్రేకుల వైపు నుంచి చూస్తే దాని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 40 నిమిషాల్లో దిగితే ఆ వేడి సగటున 4 కిలోవాట్ల చొప్పున వస్తుంది, అంటే మన ఇళ్ళలో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు రెండు ఏకధాటిగా పనిచేసినంత. 20 నిమిషాల్లో దిగితే నాలుగు గీజర్లు. మొత్తం వేడి అదే, కానీ చల్లారడానికి దొరికే సమయం సగమైపోయింది. బ్రేకులు కాలేది ఈ తేడా దగ్గరే. అరకు వెళ్ళే అనంతగిరి ఘాట్ అయినా, మారేడుమిల్లి ఘాట్ అయినా, శ్రీశైలం దారి అయినా ఇదే లెక్క.

వేడెక్కినప్పుడు రెండు రకాలుగా బ్రేక్ చచ్చుబడుతుంది. ప్యాడ్ మెటీరియల్ తన హద్దు దాటి వేడెక్కితే రాపిడి తగ్గిపోతుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, ఎంత తొక్కినా కారు మాత్రం ఆగనంటుంది. రెండోది ఇంకా ప్రమాదం: బ్రేక్ ఆయిల్ మరిగిపోవడం. అప్పుడు పెడలే లోపలికి దిగిపోతుంది. నాకు ఎదురైంది ఇదే. వాసన ప్యాడ్లది, మెత్తటి పెడల్ ఆయిల్‌ది.

ఎవరూ అడగని బ్రేక్ ఆయిల్

మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. గ్లైకాల్ జాతి ద్రవం. మనం పెడల్ తొక్కితే ఆ బలాన్ని చక్రాల దాకా మోసేది అదే. ఒక లెక్క చూడండి. కాలితో 20 కిలోల బలం పెడితే, పెడల్ మీట పనితనం వల్ల అది నాలుగింతలు, 80 కిలోలవుతుంది. ఇంజిన్ వాక్యూమ్‌తో పనిచేసే బూస్టర్ దాన్ని ఇంకో మూడు నాలుగింతలు చేసి, ఆయిల్‌ను గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌కు 300 కిలోల దాకా అందిస్తుంది. 20 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండర్ నుంచి ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే క్యాలిపర్‌లోని 50 మిల్లీమీటర్ల పిస్టన్‌కు చేరేసరికి వైశాల్యాల తేడా వల్ల ఆ బలం ఇంకా ఆరింతలవుతుంది. కాలి కింద 20 కిలోలు, ప్యాడ్ దగ్గర 1,800 కిలోలు. ద్రవాన్ని ఎంత నొక్కినా కుంచించుకుపోదు కాబట్టే ఇది సాధ్యం. అదే గొట్టంలో ఆవిరి బుడగలు పుడితే? ఆవిరి స్పాంజిలా నొక్కుకుపోతుంది. మన కాలి బలమంతా బుడగల్ని నొక్కడానికే అయిపోతుంది.

ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. మూత బిగించి ఉన్నా రబ్బరు గొట్టాల గుండా, సీళ్ళ గుండా ఏళ్ళ తరబడి కొంచెం కొంచెం నీరు చేరుతూనే ఉంటుంది. అందుకే డబ్బా మీద రెండు మరుగు స్థాయిలు చెబుతారు. ఒకటి కొత్త ఆయిల్‌ది, ఇంకోటి 3.7 శాతం నీరు చేరిన ఆయిల్‌ది. డాట్ 3 రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలు, నీరు చేరాక 140. డాట్ 4కు 230, 155. డాట్ 5.1కు 260, 180. కొత్త డాట్ 4కూ, నీరు పట్టిన డాట్ 4కూ మధ్య 75 డిగ్రీల తేడా ఉంది. కొండ మీద బ్రేక్ ఉండటానికీ, లేకపోవడానికీ మధ్య తేడా కూడా అంతే.

మా మెకానిక్ ముందు చక్రం విప్పి, క్యాలిపర్ వెనక ఉన్న నిపుల్‌కు తెల్ల ట్యూబు తొడిగి, రెండో కొసను సీసాలో పెట్టాడు. కుర్రాడు సీట్లో కూర్చున్నాడు. "కొట్టు... కొట్టు... పట్టుకో" అనగానే ఇటు నిపుల్ ఒక పావు చుట్టు వదులు చేశాడు. ట్యూబులోకి వచ్చింది చూస్తే డికాక్షన్ రంగు. నిపుల్ బిగించి "వదులు" అన్నాడు. పక్కనే విప్పిన కొత్త డబ్బాలోది లేత తేనె రంగులో ఉంది. ట్యూబులో రంగు మారి, బుడగలు రావడం ఆగే దాకా నాలుగు చక్రాలకీ ఇలాగే చేశాడు. గంట పని. ఆ రోజు మొత్తం బిల్లు ఒక్క టైరు ఖరీదులో సగం కూడా కాలేదు.

ఇక్కడ నాలుగు జాగ్రత్తలు. చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చమంటాయి. కిలోమీటర్లు తిరక్కపోయినా తేమ చేరడం ఆగదు కాబట్టి కారు తిరగలేదని వాయిదా వేయకండి. డాట్ 3, 4, 5.1 ఒకే జాతి, కానీ పేరులో దగ్గరగా కనిపించే డాట్ 5 సిలికాన్ రకం. దాన్ని వీటిలో ఎప్పుడూ కలపకూడదు. ఆయిల్ రంగు చూసి మాత్రమే బాగుందో లేదో తేల్చలేం, నీటి శాతం చూపించే పెన్ను లాంటి టెస్టర్ కొందరు మెకానిక్‌ల దగ్గర ఉంటుంది, అడగండి. ఇంకోటి, ఇది కారు పెయింట్ మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడిగేయాలి.

డబ్బాలో లెవెల్ తగ్గితే పోసేసి ఊరుకోవడం కూడా తప్పే. లెవెల్ తగ్గిందంటే ప్యాడ్లు అరిగి పిస్టన్లు ముందుకు జరిగాయనైనా అర్థం, ఎక్కడో కారుతోందనైనా అర్థం. రెండూ చూడాల్సినవే.

ప్యాడ్లు: అంచు మీది రెండక్షరాలు

ఆయిల్ తర్వాత అంత ఫలితం ఇచ్చేది ప్యాడ్లు. స్పేర్ పార్ట్స్ షాపులో "సెరామిక్ వేయమంటారా, మెటల్ వేయమంటారా" అని అడుగుతారు. ఆర్గానిక్ రకం మెత్తగా, చప్పుడు లేకుండా పడుతుంది, కానీ ఎక్కువ వేడికి తట్టుకోదు. సెమీ మెటాలిక్‌లో ఇనుము పొడి, తీగ ఉంటాయి. వేడిని బాగా తట్టుకుంటుంది, కీచుమనే అవకాశం, డిస్కును అరగదీసే గుణం కొంచెం ఎక్కువ. సెరామిక్ దుమ్ము తక్కువ, చప్పుడు తక్కువ. పేరు వినగానే అన్నిటికన్నా గట్టిదనుకుంటారు గానీ, ఘాట్ రోడ్ల వేడికి మంచి సెమీ మెటాలిక్ దానికేమీ తీసిపోదు.

పేర్ల కన్నా నమ్మదగింది ప్యాడ్ అంచు మీద ముద్రించే రెండు ఇంగ్లిష్ అక్షరాలు. మొదటిది మామూలు వేడిలో రాపిడి ఎంతో చెబుతుంది, రెండోది బాగా వేడెక్కాక ఎంతో చెబుతుంది. 'ఈ' అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జీ' అంటే 0.45 నుంచి 0.55. 'ఎఫ్ఎఫ్' అని ఉంటే చల్లగా ఉన్నా, వేడెక్కినా దాదాపు ఒకేలా పడుతుందని. 'ఎఫ్ఈ' అయితే వేడిలో పట్టు జారుతుంది. అసలు ఏ అక్షరాలూ, కంపెనీ పేరూ లేని ప్యాడ్లు ఎంత చవకగా ఇచ్చినా కొనొద్దు. రేసుల కోసం చేసిన ప్యాడ్లు కూడా మనకొద్దు. అవి వేడెక్కితే గానీ పట్టవు. ఉదయం వీధి చివర కుక్క అడ్డం వచ్చినప్పుడు మన ప్యాడ్లు చల్లగానే ఉంటాయి కదా.

కొత్త ప్యాడ్లు వేయించగానే ఘాట్ ఎక్కకండి. ఖాళీ రోడ్డు మీద 60 వేగం నుంచి 10 దాకా, పూర్తిగా ఆపకుండా, ఓ మోస్తరు బలంతో ఎనిమిది పదిసార్లు బ్రేక్ వేసి, తర్వాత బ్రేక్ పెద్దగా వాడకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వాలి. ప్యాడ్ మెటీరియల్ పల్చటి పొరలా డిస్కు మీద సమంగా పరుచుకుంటుంది. ఈ పని చేయకుండా, వేడి మీద ఉన్నప్పుడు ఒకేచోట ఆపి పెడల్ తొక్కిపట్టి ఉంచితే ఆ పొర ఒక చోట దట్టంగా అంటుకుంటుంది. తర్వాత బ్రేక్ వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. "డిస్కు వంగింది" అని మనం అనుకునేవాటిలో చాలావరకు ఇలాంటివే. చక్రం బోల్టులు ఎయిర్ గన్‌తో ఒక్కోటి ఒక్కోలా బిగించడం ఇంకో కారణం.

పనిలో పనిగా ఒక మాట. డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును గాలి పైపుతో ఊదనివ్వకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఊపిరితిత్తులకు అది ఎంత హానో ఆ పని చేసే కుర్రాళ్ళకు చాలాచోట్ల ఎవరూ చెప్పరు. తడిగుడ్డతో తుడవమనండి, లేదా బ్రేక్ క్లీనర్ కొట్టమనండి.

స్టీలు అల్లిక ఉన్న బ్రేక్ గొట్టాలు పెడల్‌ను కాస్త గట్టిపరుస్తాయి, అంతే. అంటే రెండో సమస్యకు మందు. కానీ పెడల్ మెత్తదనానికి ముందు చూడాల్సింది గాలి, పాత ఆయిల్, ఉబ్బిన రబ్బరు గొట్టం, అరిగిన మాస్టర్ సిలిండర్ సీళ్ళు. పాత గొట్టాలు పగుళ్ళు పట్టి ఉంటే కంపెనీ కొత్త రబ్బరు గొట్టాలు వేసినా చాలు.

ఇక పెద్ద డిస్కులు

డిస్కు బ్రేకులు కార్లలో ఎందుకు గెలిచాయో గుర్తుచేసుకుంటే ఈ ముడి సులువుగా విడిపోతుంది. ఫ్రాన్స్‌లో లె మాన్స్ 24 గంటల రేసులో 1953లో జాగ్వార్ సీ-టైప్ కార్లు డిస్కు బ్రేకులతో దిగి గెలిచాయి. దాదాపు ఆరు కిలోమీటర్ల తిన్నటి దారి మీద విపరీతమైన వేగంతో వచ్చి, చివర ఇరుకు మలుపు కోసం ప్రతి రౌండులోనూ గట్టిగా బ్రేక్ వేయాలి. ఒక్కసారి ఆపమంటే డ్రమ్ములూ ఆపుతాయి. రాత్రంతా, మళ్ళీ మళ్ళీ, అదే పట్టుతో ఆపడం డిస్కులకే చేతనైంది. వేడిని గాలికి వదిలేయగలగడమే వాటి బలం.

పెద్ద డిస్కు విషయమూ అంతే. 240 మిల్లీమీటర్ల డిస్కు తీసి 260ది వేస్తే, ప్యాడ్ నొక్కే చోటు మధ్య నుంచి ఒక సెంటీమీటరు దూరం జరిగి, అదే కాలి బలానికి పట్టు దాదాపు పది శాతం పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యం, ఇనుము ఎక్కువ కాబట్టి అదే వేడికి తక్కువ కాలుతుంది. రెండు పలకల మధ్య గాలి దారి ఉన్న వెంటిలేటెడ్ డిస్కు అయితే చల్లారడం కూడా తొందరే. తరచూ నిండు బరువుతో కొండలు దిగేవాళ్ళకు, ట్రాక్ మీద నడిపేవాళ్ళకు ఇది నిజమైన లాభం. రంధ్రాలు పొడిచిన డిస్కులు చూడ్డానికి బాగుంటాయి, తడిలో కాస్త చురుగ్గా పట్టుకుంటాయి, కానీ తీసేసిన ఇనుము వేడిని దాచుకోలేదు, రంధ్రం అంచున పగుళ్ళు మొదలయ్యే అవకాశం ఉంది. మామూలు కారుకు రంధ్రాలు లేని మంచి డిస్కే మేలని నా అభిప్రాయం.

పెద్ద డిస్కుతో పాటు పెద్ద క్యాలిపర్ వస్తుంది. అక్కడే చిక్కులు మొదలవుతాయి. పిస్టన్ వైశాల్యం 25 శాతం పెరిగితే పట్టు అంత పెరుగుతుంది, నిజమే. కానీ ఆ పిస్టన్‌ను కదపడానికి అంతే ఎక్కువ ఆయిల్ కావాలి. మాస్టర్ సిలిండర్ పాతదే ఉంటే పెడల్ ఇంకా లోతుకు దిగుతుంది. చక్రం లోపల చోటు చాలక పెద్ద రిమ్ములు కొనాలి, వాటికి తగ్గ టైర్లు కొనాలి. బరువు పెరిగిన చక్రాలతో గుంతల రోడ్డు మీద సస్పెన్షన్ ఇబ్బంది పడుతుంది.

వీటికన్నా పెద్ద చిక్కు ముందు వెనకల సమతూకం. బ్రేక్ వేస్తే బరువు ముందుకు పోతుంది, వెనక చక్రాలు తేలికపడతాయి. అందుకే ఏ కారులోనైనా ముందు చక్రాల పట్టు వెనకవాటికన్నా కాస్త ముందుగా హద్దుకు చేరేలా కంపెనీ అమరుస్తుంది. ముందు చక్రాలు జారితే కారు తిన్నగా వెళ్తుంది. వెనక చక్రాలు ముందుగా ఆగిపోతే తోక తిరిగిపోతుంది, అది తడి రోడ్డు మీద అయితే ఇక చేతిలో ఉండదు. వెనక డ్రమ్ములు తీసి ఏదో కారు డిస్కులు బిగించే పని ఇందుకే నన్ను భయపెడుతుంది. డ్రమ్ములో ముందుండే షూ చక్రం తిరుగుడుకే లోపలికి లాక్కోబడి తన పట్టు తానే పెంచుకుంటుంది, డిస్కుకు ఆ గుణం లేదు, దానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. అంటే డ్రమ్ముకు లెక్కగట్టిన ప్రెషర్ వాల్వు, మాస్టర్ సిలిండర్, ఏబీఎస్ అమరిక ఏవీ డిస్కుకు సరిపోవు. హ్యాండ్ బ్రేక్ సంగతి వేరే చూసుకోవాలి. చిన్న కార్ల వెనక డ్రమ్ములు ఉండటం కంపెనీల పిసినారితనమని చాలామంది అనుకుంటారు. ధర ఒక కారణమే, కానీ వెనక చక్రాల మీద పడే పని తక్కువ, దానికి డ్రమ్ము చాలు. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3, ఐడీ.4 లాంటి కొత్త ఎలక్ట్రిక్ కార్లకు కూడా వెనక డ్రమ్ములే ఉన్నాయి.

అంతగా కావాలంటే దగ్గరి దారి ఒకటుంది. మీ కారు మోడల్‌లోనే పై వేరియంట్‌కు, లేదా పెద్ద ఇంజిన్ రకానికి కంపెనీయే పెద్ద డిస్కులు ఇచ్చి ఉండొచ్చు. ఆ భాగాలన్నీ, అంటే డిస్కు, క్యాలిపర్, బ్రాకెట్, అవసరమైతే హబ్, మాస్టర్ సిలిండర్, మొత్తం సెట్టుగా మార్చగలరేమో అధీకృత సర్వీసు సెంటర్‌లో రాతపూర్వకంగా అడగండి. సగం అక్కడివి, సగం ఇక్కడివి కలిపితే ఎవరూ పరీక్షించని బ్రేక్ తయారవుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక కేరళ కేసులో దీన్ని గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగాక బీమా సర్వేయర్ బయటి క్యాలిపర్లు చూస్తే ఏమంటాడో మీరే ఊహించుకోండి. ప్యాడ్లు, ఆయిల్, అదే కొలతల డిస్కులు మార్చడం అరిగిన భాగాలు మార్చడమే, దానికి ఈ బాధ లేదు.

డిస్కు మార్చాలా వద్దా అన్నది కళ్ళతో కాదు, కొలిచి తేల్చాలి. డిస్కు అంచున లేదా మధ్య టోపీ మీద కనీస మందం ఎంతో ముద్రించి ఉంటుంది. మెకానిక్ చేత కొలిపించండి. దానికి దగ్గరపడిన డిస్కును లేత్ మీద చెక్కించి మళ్ళీ వేయడం అంటే, వేడిని మోసే ఇనుమునే ఇంకా తగ్గించుకోవడం.

మా కారుకు చివరికి చేయించింది ఇంతే: డాట్ 4 ఆయిల్ మొత్తం మార్పించాను, అంచున 'ఎఫ్ఎఫ్' ఉన్న సెమీ మెటాలిక్ ప్యాడ్లు వేయించాను. కాలి మెరిసిపోయిన పాత ప్యాడ్ల కింద డిస్కులు నీలిరంగు తిరిగి కనీస మందానికి దగ్గరగా ఉన్నాయి, వాటి బదులు అదే సైజు కంపెనీ డిస్కులు పెట్టించాను. వెనక డ్రమ్ములు విప్పి శుభ్రం చేసి, షూలు సర్ది మళ్ళీ బిగించారు. ముందు రెండు టైర్లు మార్చాను.

ఆరు నెలల తర్వాత మళ్ళీ తిరుమల వెళ్ళాం. అదే ఐదుగురం, దాదాపు అంతే సామాను. దిగేటప్పుడు మొదటి మెలిక రాకముందే రెండో గేరులో పెట్టాను. ఇంజిన్ కాస్త గోల పెట్టింది, పెట్టనిచ్చాను. ఆటోమేటిక్ కార్లయితే 'ఎల్' గానీ '2' గానీ ఇందుకే ఉన్నాయి. డీజిల్ ఆదా, పెట్రోల్ ఆదా అని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇంజిన్ కూడా ఆపేస్తే బూస్టర్‌లో మిగిలేది రెండు మూడు బ్రేకులకు సరిపడా వాక్యూమ్ మాత్రమే, తర్వాత పెడల్ రాయిలా మారుతుంది. బ్రేక్ మీద కాలు అలా ఆనించి ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా వేసి, తగ్గగానే పూర్తిగా వదిలేశాను. వదిలిన ఆ కొద్ది సెకన్లే డిస్కుకు గాలి తగిలే సమయం.

అలిపిరి దగ్గర కారు ఆపి దిగాను. ముందు చక్రం దగ్గర అరచేయి పెడితే సెగ తగిలింది. వాసన లేదు. తాకి చూడబోయిన మా అబ్బాయిని వెనక్కి లాగాను, ఆ వేళలో డిస్కు వేలు కాల్చేంత వేడిగా ఉంటుంది, దాని మీద నీళ్ళు పోయడమూ ప్రమాదమే. మళ్ళీ సీట్లో కూర్చుని పెడల్ తొక్కి చూశాను. పొద్దున కొండ మీద బయల్దేరేటప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది.